మిద్దె కురుస్తోంది, గోడ చౌడు పట్టింది: పాత కళాశాల భవనాలపై పాఠకుల ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో, పాత కళాశాలల్లో ఉన్న భవనాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఎక్కువ ప్రశ్నలు నీటి గురించే వచ్చాయి. అది సహజం. మన పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడతాయి, నవంబరులో దంచికొడతాయి. 2021 నవంబరు వరదల్లో తిరుపతి ఎలా మునిగిందో అందరం చూశాం. సున్నంతో కట్టిన భవనానికి ఆ మూడు నెలలే అసలు పరీక్ష.

ప్ర: మా ప్రాంగణంలో అన్నిటికన్నా పాత భవనం ఏ సంవత్సరంలో కట్టారో ఎవరికీ తెలియదు. శిలాఫలకం మీద ప్రారంభోత్సవం తేదీ ఒక్కటే ఉంది. కాగితాలు లేవు. భవనాన్ని చూసి వయసు చెప్పవచ్చా? – విశ్రాంత అధ్యాపకులు, తిరుపతి

జ: ఏడాదితో సహా చెప్పలేకపోయినా, పదిపదిహేనేళ్ల తేడాలోకి తీసుకురావచ్చు. ముందు ఒక సంగతి. శిలాఫలకం సంస్థ వయసు చెబుతుంది గాని భవనం వయసు చెప్పాలని లేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది. అప్పటికే నిలబడి ఉన్న కట్టడాన్ని తరగతులకు తీసుకుని, ఆ తర్వాత ఫలకం పెట్టడం ఎన్నో సంస్థల్లో జరిగిన పనే.

భవనంలో ఎవరూ సున్నం వేయని చోట్లు వెతకండి. మెట్ల కింద, ఫాల్స్ సీలింగ్ పైన, మిద్దె మీద పిట్టగోడ లోపలి వైపు. అక్కడ గోడ తన అసలు రూపంలో కనిపిస్తుంది. పది ఇటుకలు కొలిచి సగటు తీయండి. మందం రెండు అంగుళాలకు అటూ ఇటూగా, పలచగా ఉంటే పాత కట్టుబడి అనుకోవచ్చు. 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం ఉంటే బాగా తర్వాతిది. ఇటుకల మధ్య ముద్దను మేకుతో గీరండి. తెల్లగానో, ఇటుక పొడి కలిసి లేత గులాబీ రంగులోనో పొడిగా రాలితే సున్నం. మేకు జారిపోయి బూడిదరంగు గీత పడితే సిమెంటు.

పైకప్పు ఇంకా బాగా చెబుతుంది. టేకు దంతెల (కప్పును మోసే అడ్డ కలపల) మీద సన్నటి ఇటుకలు పరిచిన మిద్దె అయితే అది మద్రాసు టెర్రస్. ఇనుప గర్డర్లుంటే రంగు గీకి నడుము భాగం మీద అక్షరాలు వెతకండి. ఎర్రగా కాలిన ఉక్కును రోలర్ల మధ్య సాగదీసి గర్డరు చేసేటప్పుడే తయారీదారు పేరు ఉబ్బెత్తుగా పడేది. డోర్మన్ లాంగ్ అని ఉంటే ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. టాటా అని ఉంటే 1912 తర్వాతిది, ఎందుకంటే జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ మొదలైంది అప్పుడే. కాంక్రీటు శ్లాబు అయితే, పెచ్చు ఊడిన చోట కడ్డీ చూడండి. నున్నటి గుండ్రని కడ్డీ 1950ల నాటి పనికి గుర్తు. మెలితిప్పిన కడ్డీలు మన దగ్గర 1960ల నుంచే వాడుకలోకి వచ్చాయి.

కాగితాల విషయంలో చాలామంది తప్పు చోట వెతుకుతారు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. కాబట్టి 1911కు ముందటి తిరుపతి రికార్డు కావాలంటే ఉత్తర ఆర్కాటు పేరు మీద, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగాలి. కళాశాల 1954కు ముందుదైతే మద్రాసు విశ్వవిద్యాలయం ఏటా అచ్చువేసిన కేలండర్లు, అంటే అనుబంధ కళాశాలల వివరాలుండే పుస్తకాలు, చూడండి. 1945లో మొదలైన ఎస్వీ ఆర్ట్స్ కళాశాల అనుబంధం కూడా మొదట మద్రాసుతోనే.

ప్ర: మా విభాగం ఉన్నది పాత మద్రాసు టెర్రస్ భవనం. ప్రతి నవంబరులో పైఅంతస్తు గదులు మూడు నాలుగు చోట్ల కురుస్తాయి. కాంట్రాక్టరు వచ్చి, పైన 4 అంగుళాల సిమెంటు కాంక్రీటు వేసి దాని మీద కెమికల్ పూస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదంటున్నారు. వేయించమంటారా? – విభాగ ఉద్యోగి, తిరుపతి

జ: దయచేసి వేయించకండి. మాకు వచ్చిన ప్రశ్నలన్నిటిలో ఆలస్యం చేయకూడనిది ఇదే. అందుకే విడమరిచి చెబుతున్నాం.

బరువుతో మొదలుపెడదాం. 4 అంగుళాల మందం కాంక్రీటు చదరపు అడుగుకు దాదాపు 22 కిలోలు తూగుతుంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దెకు 22 టన్నులు. దాన్ని మోయాల్సింది టేకు దంతెలు, అవీ గోడలోకి దూరిన చివరల మీద. కురుస్తున్న మిద్దెలో సరిగ్గా ఆ చివరలే పుచ్చి ఉంటాయి. రెండోది, సున్నపు మిద్దె తడిని పీల్చి, ఎండ కాయగానే పైకి వదిలేస్తుంది. సిమెంటు మూత పెడితే లోపల చిక్కిన తడి కిందికే, కలప వైపే దారి చూసుకుంటుంది. మూడోది, ఎండకు సిమెంటు పొర సాగే తీరు వేరు, కింద సున్నం కదిలే తీరు వేరు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊరిలో రెండు మూడు వేసవులకే ఆ పొర బీటలు వారుతుంది. ఆ తర్వాత నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో కనిపెట్టడం కూడా కష్టం.

మద్రాసు టెర్రస్ కట్టుబడి ఇలా ఉంటుంది: సుమారు అడుగున్నర ఎడంగా దంతెలు. వాటి మీద అంగుళం మందపు చిన్న ఇటుకలు, నిలువు అంచు మీద, మూలకు ఏటవాలుగా, సున్నంలో పేర్చినవి. ఆపైన 3 నుంచి 4 అంగుళాల ఇటుక కంకర సున్నం, దిమ్మిసలతో కొట్టి బిగించినది. అన్నిటికీ పైన చదరపు మట్టి పలకలు ఒకటి లేదా రెండు వరసలు. ఈ నాలుగింటిలో నీటిని ఆపేది మూడో పొర. పలకలు ఎండ దెబ్బను కాస్తాయి, అంతే.

పని ఈ వరసలో చేయండి. మొదట తూములు. రాలిన ఆకు, పావురాల గూళ్లు తీసి, ప్రతి గొట్టంలో బకెట్టు నీళ్లు పోసి కిందికి వచ్చేదాకా చూడండి. 4 అంగుళాల గొట్టం ఒకటి సుమారు 400 చదరపు అడుగుల మిద్దె నీటిని మోయగలదు. అంతకన్నా పెద్ద మిద్దెకు ఒక్కటే తూము ఉంటే ఇంకోటి పెట్టాలి. తర్వాత వాలు. ప్రతి 5 అడుగులకు కనీసం అంగుళం వాలు ఉండాలి. మిద్దె మీద నీళ్లు చల్లి, అరగంట తర్వాత ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీయండి. కింద కురిసే చోట్లతో ఆ గీతల్ని పోల్చి చూడండి. చాలాసార్లు నీళ్లు దిగే చోటు కురిసే చోటికి నేరుగా పైన ఉండదు, దంతె వెంబడి పారి నాలుగడుగుల అవతల బొట్టు పడుతుంది. పిట్టగోడ, మిద్దె కలిసే మూలను ప్రత్యేకంగా చూడండి. కురిసే మిద్దెల్లో ఎక్కువ భాగం తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇక కలప. గది లోపల నిచ్చెన వేసి, ప్రతి దంతె గోడలోకి పోయే చోట సన్నటి స్క్రూడ్రైవరుతో గుచ్చండి. మంచి టేకులోకి అది దిగదు. అర అంగుళం దిగితే ఆ చివర పోయినట్టే. ముందు కింద ఇనుప జాకీలు పెట్టి, పుచ్చిన మేరకు కోసి, ఆరిన టేకు ముక్క అతికించి, రెండు పక్కల ఇనుప పట్టీలతో బోల్టులు బిగించాలి. గోడలో దూరే చివర చుట్టూ అంగుళం ఖాళీ వదలండి, గాలి ఆడాలి. ఆ ఖాళీలో సిమెంటు కూరడం వల్లనే రెండోసారి పుచ్చుతుంది.

పై పొర గుల్లబారిన చోట పలకలు తీసి, కొయ్య సుత్తితో తట్టి, బోలు శబ్దం వచ్చినంత మేర సున్నపు కాంక్రీటు తవ్వేయండి. కొత్త దానికి ఒక పాలు నానిన సున్నపు ముద్ద, రెండున్నర పాళ్లు ఇటుక కంకర. కంకర అంగుళం లోపు ఉండాలి. బాగా కాలిన ఇటుకదే కావాలి, నల్లగా మాడి గాజులా మారినది పనికిరాదు, అది సున్నాన్ని పట్టుకోదు. కంకర వాడేముందు పూర్తిగా తడపాలి, లేకపోతే సున్నంలోని నీటిని లాగేస్తుంది. పరిచాక కొయ్య దిమ్మిసలతో కూలీలు వరసగా కూర్చుని కొట్టాలి. కనీసం ఏడు రోజులు. దిమ్మిస గుర్తు పడకుండా ఎగిరి వెనక్కి వచ్చేదాకా. కొట్టేటప్పుడు చల్లేది కరక్కాయ, బెల్లం నీళ్లు. 100 చదరపు అడుగులకు కాస్త ఎక్కువగా, అంటే 10 చదరపు మీటర్లకు, 600 గ్రాముల కరక్కాయ ముక్కలు, 200 గ్రాముల బెల్లం, 40 లీటర్ల నీళ్లు. 12 నుంచి 24 గంటలు నానబెట్టి తేరిన నీటినే వాడాలి. కొట్టడం అయ్యాక మరో పది రోజులు గోనెపట్టాలు కప్పి తడి ఆరకుండా చూడాలి. ఈ కొట్టుడు దగ్గరే కాంట్రాక్టర్లు రోజులు మిగుల్చుకుంటారు. రెండు రోజులకే ఆపి పలకలు అంటించిన మిద్దె తర్వాతి నవంబరుకే కురుస్తుంది.

ఎప్పుడు చేయాలంటే జనవరి నుంచి మార్చి. ఏప్రిల్, మే ఎండకు సున్నం గట్టిపడే లోపే ఎండిపోయి పొడిబారుతుంది. సెప్టెంబరులో మొదలుపెడితే వానకు చిక్కుతుంది. నిధులు మార్చి 31లోగా ఖర్చు చేయాలని ఫిబ్రవరి చివర టెండరు పిలిచే అలవాటు ఈ పనికి సరిపోదు. టెండరు అక్టోబరులోనే పూర్తి కావాలని ఇంజినీరింగు విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి.

ప్ర: గోడల అడుగు భాగంలో మూడడుగుల ఎత్తు దాకా పూత పెచ్చులూడి, తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. రెండుసార్లు సిమెంటు పూత వేయించాం. ఏడాది తిరక్కముందే మళ్లీ అదే, ఈసారి ఇంకా పైకి పాకింది. – కళాశాల ప్రిన్సిపాల్, చిత్తూరు

జ: పైకి పాకడానికి కారణం ఆ సిమెంటు పూతే. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, ఏ పాత గోడకైనా అది తప్పదు. సున్నపు పూత ఉన్నప్పుడు ఆ తడి అడుగు ఎత్తులోనే గాలిలోకి ఆవిరైపోతుంది. సిమెంటుతో దారి మూస్తే, పూత అయిపోయిన చోటు దాకా ఎక్కి అక్కడ బయటపడుతుంది. నీటితోపాటు వచ్చిన లవణం గోడ పైపొరలో స్ఫటికాలై ఉబ్బి, ముందు పూతను, తర్వాత ఇటుకనే పొడి చేస్తుంది. సిమెంటు పూత ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుని పోతుంది, ఎందుకంటే అది ఇటుక కన్నా గట్టిది. పాత గోడలో పూత ఎప్పుడూ ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. పాడైపోవాల్సింది పూత, మిగలాల్సింది గోడ.

ముందుగా బయటికి వెళ్లి నేల మట్టం చూడండి. ఏటికేడు రోడ్లు, సిమెంటు దారులు వేస్తూ పోవడం వల్ల చుట్టూ నేల ఎత్తు పెరిగి, లోపలి గచ్చుకు సమానమో ఇంకా పైకో వచ్చి ఉంటుంది. గోడ చుట్టూ రెండడుగుల వెడల్పున ఆ సిమెంటు పగలగొట్టి, లోపలి గచ్చు కన్నా కనీసం 6 అంగుళాలు దిగువకు తవ్వి, బయటికి వాలు పెట్టి కంకర నింపండి. గోడను ఆనుకుని పూలమొక్కలుంటే వాటికి పోసే నీళ్లే మీ చౌడు. వాటిని నాలుగడుగులు జరపండి. మరుగుదొడ్డి గొట్టం కారుతోందేమో కూడా చూడండి.

తర్వాత సిమెంటు పూత మొత్తం, తడి గీతకు అడుగున్నర పైదాకా, చిన్న ఉలితో తీసేయండి. డ్రిల్లింగ్ మెషిన్ పెట్టనివ్వకండి. ఇటుకల మధ్య పొడిబారిన ముద్దను అర అంగుళం లోతు గీకండి. ఉప్పును ఎండు బ్రష్షుతో దులిపి, పొడిని పోగుచేసి అవతల పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. ఇక గోడను ఆరనివ్వండి. అంగుళం మందానికి నెల అని లెక్క. 18 అంగుళాల గోడ రెండు వైపులా తెరిచి ఉంటే తొమ్మిది నెలలు పడుతుంది. ఇంత ఆగలేమంటారని తెలుసు. కనీసం ఒక వేసవి మొత్తమైనా వదలండి, తరగతులు జరుపుకోవచ్చు, చూడ్డానికి బాగుండదు, అంతే.

పూతకు ఒక పాలు సున్నపు ముద్ద, మూడు పాళ్లు జల్లించిన ఏటి ఇసుక. కోట్ల మధ్య తొందర పనికిరాదు: ఒక్కో కోటు అర అంగుళం మించకుండా, మొదటి కోటు గట్టిపడ్డాక గీతలు గీసి, వారం పది రోజులకు రెండోది. ప్రతి కోటునూ వారం రోజులు తడుపుతూ, ఎండ తగలకుండా తడిగోనె వేలాడదీయండి. త్వరగా పట్టుకుంటుందని మేస్త్రి ఒక తట్ట సిమెంటు కలుపుతానంటే ఒప్పుకోకండి. చేసిన పనంతా వృథా అవుతుంది. చివర మూడు నాలుగు పలుచటి సున్నపు కోట్లు, పాలలా పలచగా, గోడ తడిపి, రోజుకు ఒకటి. ప్లాస్టిక్ పెయింటు, పుట్టీ వేస్తే సిమెంటు పూత వేసినట్టే.

ప్ర: వరండా రాతి స్తంభాలకు ఎప్పుడో ఆయిల్ పెయింట్ వేశారు. ఇసుక బ్లాస్టింగ్‌తో తీయించవచ్చా? – విద్యార్థి సంఘం, తిరుపతి

జ: వద్దు. యాసిడ్ కూడా వద్దు. రాయి మీద ఉలి గుర్తులు, చెక్కిన అంచులు పోతే తిరిగి రావు. పెయింట్ రిమూవర్ పేస్టు పూసి, ప్లాస్టిక్ కప్పి, మెత్తబడ్డాక కొయ్య గరిటెతో తీసి, నైలాన్ బ్రష్షుతో నీళ్లు పెట్టి కడగండి. ముందు ఎవరికీ కనబడని మూలన అడుగు చదరం చేసి చూసుకోండి. తలుపులు, కిటికీలకు పట్టకుండా కాగితం అతికించాలి.

ప్ర: పిట్టగోడలో రావి మొక్కలు. ఎన్నిసార్లు పీకినా మళ్లీ వస్తున్నాయి. – తోట పర్యవేక్షకులు, శ్రీకాళహస్తి

జ: పీకడం వల్లనే వస్తున్నాయి. కాండం చేతికి వస్తుంది, వేరు గోడలో మిగిలి రెండింతలు పిలకలేస్తుంది. బలంగా లాగితే ఇటుకలు కూడా కదులుతాయి. పెన్సిలు మందం లోపు మొక్కలను వాన వెలిసిన మర్నాడు, సున్నం మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా మెల్లగా తీయవచ్చు. అంతకన్నా ముదిరితే కాండాన్ని గోడకు అంగుళం ఎత్తున కోసి, కోసిన వెంటనే, పాలు ఆరకముందే, ఆ ముఖానికి బ్రష్షుతో గ్లైఫోసేట్ అనే కలుపు మందు పూయాలి. 2022 నుంచి ఆ మందును పెస్ట్ కంట్రోల్ లైసెన్సున్న వాళ్లే వాడాలని కేంద్రం నిబంధన పెట్టింది కాబట్టి వాళ్ల చేతనే చేయించండి. చల్లించకూడదు, పూయించాలి. వేరు చచ్చి ఎండడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పుడు దాన్ని తీసి, బీటలో పలుచటి సున్నపు పాలు అడుగు నుంచి పైకి కొద్దికొద్దిగా ఎక్కించి, పైన సున్నంతో మూయాలి. కిరోసిన్, యాసిడ్, ఉప్పు పోయకండి. వాటితో మొక్క కన్నా ముందు సున్నం పోతుంది.

ప్ర: పాత భవనం పైఅంతస్తులో తరగతి గదులు ఖాళీ అయ్యాయి. గ్రంథాలయం అక్కడికి మార్చాలని ప్రతిపాదన. కొన్ని తాళపత్రాలు కూడా ఉన్నాయి. – గ్రంథపాలకులు, తిరుపతి

జ: పుస్తకాల బరువు ఎంతో చూడకుండా ఒప్పుకోకండి. మన భారతీయ ప్రమాణాల ప్రకారం తరగతి గది నేల చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు మోసేలా లెక్కగడతారు. బీరువాలు వరసగా పెట్టే పుస్తకాల గదికి 600 కిలోలు, అదీ బీరువా ఎత్తు 2.2 మీటర్ల దాకా ఉంటేనే. అంటే సరిగ్గా రెట్టింపు. పైగా విద్యార్థులు వచ్చి పోతారు, పుస్తకాలు పగలూ రాత్రీ అక్కడే ఉంటాయి. కలప దంతెలు అలాంటి బరువు కింద ఏళ్ల తరబడి మెల్లగా వంగుతాయి. బీరువాలు కింది అంతస్తులో పెట్టి, పైన చదువుకునే గది చేయండి. తప్పనిసరై కొన్ని పైన పెట్టాల్సి వస్తే, గది నడుమ కాకుండా గోడల పక్కన, దంతెలకు అడ్డంగా పెట్టండి. అప్పుడు ఒక బీరువా బరువు నాలుగైదు దంతెల మీద పంచుకుంటుంది.

కింది అంతస్తులో తడి మాటేమిటంటారు. బీరువా కాళ్లు నేలకు 6 అంగుళాలు ఎత్తున, వెనక గోడకు 6 అంగుళాలు ఎడంగా ఉండాలి, బయటి గోడకు ఆనించకూడదు. తాళపత్రాలకు మాత్రం లోపలి గది, నాలుగు వైపులా వేరే గదులున్నది ఎంచుకోండి. ఏసీ పగలు నడిపి రాత్రి కట్టేయడం అన్నిటికన్నా చెడ్డది. రోజూ తేమ పెరిగి తగ్గి ఆకు ముడుచుకుని, విచ్చుకుని చీలిపోతుంది. అలా చేసేకన్నా ఏసీ లేకుండా, కిటికీలకు సన్నటి జాలీ వేసి గాలి ఆడనివ్వడం మేలు. పెళుసెక్కిన ఆకులకు నిమ్మగడ్డి నూనె రాయడం పాత పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. కానీ సిరా చెదిరేలా ఉన్న ఆకులను ముట్టుకోకముందు, తిరుమల తిరుపతి దేవస్థానం 1939లో ప్రారంభించి 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అప్పగించిన ప్రాచ్య పరిశోధన సంస్థలో తెలిసినవారిని అడగండి. అంత అనుభవం మన ఊళ్లోనే ఉంది.

ప్ర: 1950లలో కట్టిన కాంక్రీటు శ్లాబు. వరండా కప్పులో కడ్డీలు తేలి, ముక్కలు రాలుతున్నాయి. పైన పూత పూయిస్తే చాలునా? – ఉద్యోగి, తిరుపతి

జ: చాలదు. కడ్డీ తుప్పు పట్టినప్పుడు ఇనుము కన్నా తుప్పు రెండు మూడింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు ఊడుతుంది. పైన పూస్తే లోపల తుప్పు ఆగదు. రేపు పూతతో కలిసి పెద్ద పెచ్చు పడుతుంది. కింద మనుషులు నడిచే చోటు కాబట్టి, ముందు ఈ రోజే తాడు కట్టి దారి మూయండి. తర్వాత చిన్న సుత్తితో కప్పంతా తట్టి, గుల్ల శబ్దం వచ్చిన చోటల్లా గుర్తు పెట్టండి.

కాంక్రీటు కడ్డీని ఎందుకు కాపాడుతుందంటే దానికి క్షార గుణం ఉంటుంది గనుక. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి చేరి ఆ గుణాన్ని చంపేస్తుంది. ఎంత లోతు పోయిందో తెలుసుకోవడం తేలిక. అప్పుడే పగలగొట్టిన ముఖం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లండి, రసాయన శాస్త్ర విభాగంలో అడిగితే ఇస్తారు. గులాబీ రంగు వచ్చినంత మేర బాగున్నట్టు. రంగు రాని మందం కడ్డీ దాకా చేరితే, ఇప్పుడు పెచ్చు ఊడని చోట కూడా త్వరలో ఊడుతుంది. అప్పుడు ముక్కలు ముక్కలుగా కాక, ఆ వరండా మొత్తానికి పని పెట్టుకోవాలి.

పనిలో తప్పు జరిగేది కడ్డీ వెనక. ముందుభాగం మాత్రం గీకి వదిలేస్తారు. కడ్డీ చుట్టూ వేళ్లు దూరేంత, ముప్పావు అంగుళం, వెనక్కి తవ్వాలి. తుప్పంతా మెరిసే ఇనుము వచ్చేదాకా వైర్ బ్రష్షుతో తీయాలి. మందం నాలుగో వంతు తగ్గితే పక్కన కొత్త కడ్డీ కట్టాలి. జింకు పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారును పలుచటి పొరలుగా నింపాలి. ఇక్కడ సిమెంటే సరైన వస్తువు. సున్నపు భవనానికి సున్నం, సిమెంటు భవనానికి సిమెంటు. అన్నిటికన్నా ముందు మిద్దె పైన నీళ్లు నిలిచే చోటు సరిచేయించండి, లేకపోతే ఇదంతా మూడేళ్ల పని.

ప్ర: భవనం ప్రమాదకరమని నివేదిక తెప్పించి కూల్చేస్తారని వింటున్నాం. ఆపే దారి ఉందా? – పూర్వ విద్యార్థులు, చిత్తూరు

జ: చట్టంతో మొదలుపెడితే, చంద్రగిరి కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. కళాశాల భవనాలు ఈ రెండు జాబితాల్లోనూ సాధారణంగా ఉండవు. కాబట్టి నిర్ణయం పాలక మండలి చేతిలో ఉంటుంది, మీరు ఒప్పించాల్సిందీ వాళ్లనే.

ఆ నివేదిక నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల రుసుము, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చాక ఒక్కటే చూడండి, ఏ పరీక్షలు చేశారో. రీబౌండ్ హ్యామర్ కాంక్రీటు బలం చూసే సాధనం. దాన్ని సున్నపు ఇటుక గోడ మీద కొట్టి వచ్చిన అంకెతో గోడ బలహీనమని రాసి ఉంటే, ఆ నివేదిక నిలవదు. బీటలు ఇంకా కదులుతున్నాయో లేదో చూశారా? బీటకు అడ్డంగా పలుచటి గాజు పట్టీ రెండు చివర్లా అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం, ఒక వేసవి చూడాలి. పట్టీ పగలకపోతే ఆ బీట ఎప్పుడో ఆగిపోయిన పాత గాయం. దంతెల చివరలు గుచ్చి చూశారా? పునాది దగ్గర గుంట తీసి చూశారా? ఇవేవీ లేకుండా వయసు ఒక్కటే కారణంగా చూపితే, పాత కట్టడాల మరమ్మతులో అనుభవమున్న ఇంజినీరుతో రెండో నివేదిక తీసుకోవాలని పాలక మండలికి రాయండి.

సున్నం బలం మీద నమ్మకం లేని సభ్యులుంటే చంద్రగిరి రాజమహల్‌కు తీసుకెళ్లండి. తిరుపతి నుంచి అరగంట ప్రయాణం. మూడంతస్తుల భవనం, రాయి, ఇటుక, సున్నంతో కట్టినది, కలప వాడలేదు. విజయనగర రాజుల కాలం నుంచి నిలబడి, ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియంగా రోజూ జనాన్ని మోస్తోంది. కమానులు బరువును ఎలా పక్కలకు పంచుతాయో కింది అంతస్తులో నిలబడి పైకి చూస్తే అర్థమవుతుంది.

ఈలోగా, ఏం జరిగినా పోకూడనిది ఒకటుంది. ప్రతి గది కొలతలు, ప్రతి తలుపు, కిటికీ, కమాను ఫోటోలు, పక్కన స్కేలు పెట్టి తీసి, రెండు చోట్ల దాచండి.

ప్ర: ఇవన్నీ సరే, మంచి సున్నం, పని తెలిసిన మేస్త్రి ఎక్కడ దొరుకుతారు? – మేస్త్రి, పుత్తూరు

జ: సంచుల్లో పొడిగా అమ్మే సున్నం కొనకండి, అది గాలి తగిలి ఎప్పుడో చచ్చి ఉంటుంది. బట్టీ నుంచి గడ్డలుగా తెప్పించండి. పల్నాడులోని పిడుగురాళ్ల సున్నానికి పెట్టింది పేరు. లారీ దిగగానే పరీక్షించండి: ఇనుప బకెట్టులో నీళ్లు పోసి గుప్పెడు గడ్డలు వేస్తే పది పదిహేను నిమిషాల్లో బుసబుస పొంగి ముద్దవ్వాలి. అడుగున రాళ్లు ఎక్కువ మిగిలితే సరిగా కాలలేదన్నమాట, లారీ వెనక్కి పంపండి. సున్నం చల్లార్చేటప్పుడు నీళ్లలోకి సున్నం వేయాలి, సున్నం మీద నీళ్లు కుమ్మరించకూడదు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు తప్పనిసరి, కంట్లో పడితే చూపే పోతుంది. జల్లించి గుంటలో పోసి, పైన రెండంగుళాల నీళ్లు నిలిచేలా కనీసం నెల రోజులు నాననివ్వండి. రెండు మూడు నెలలైతే ఇంకా మంచిది. నానని గింజ పూతలోకి పోతే ఆరు నెలల తర్వాత గోడ మీద పొక్కులా పేలుతుంది.

మేస్త్రుల కోసం అపార్టుమెంట్లు కట్టే చోట కాదు, పాత గుడి గోపురాలకు మరమ్మతు జరిగే చోట అడగండి. వాళ్లలో డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీరు తాపీ పట్టినవారే కాబట్టి ఒక గోపురం పనిలో వాళ్ల పక్కన చేరి ఒక సీజను చేస్తే చేయి తిరుగుతుంది. ముందు మీ ఇంటి పెరటి గోడ మీద మూడడుగుల చదరం పూత వేసి, ఒక నవంబరు దాటనిచ్చి, తర్వాత కళాశాల పని ఒప్పుకోండి.